వెన్నెముక కింది ఎర్రటి చార

ఎస్తేర్ కుడిచేతి బొటనవేలు ఆమె బడికి పోకముందే పనిలో చేరింది. తిరువళ్ళూరు చేపల అంగట్లో ఆమె తల్లి మునియమ్మ కత్తిపీట ముందు కూర్చుని, చేప పొట్ట చీల్చి, పేగులు లాగి బకెట్లో పడేసి, మిగిలిన చేపను పక్కకు తోసేది. దాన్ని అందుకుని, వెన్నెముక కింద అతుక్కుని ఉండే ముదురు ఎర్రటి చారను బొటనవేలి గోటితో గీకి తీసేయడం ఆ పిల్ల వంతు.

“రక్తం మే అది. వదిలితే కొళంబు, పులుసంతా నీచుకొడతాది. చుత్తంగా గీకు,” అనేది మునియమ్మ.

ఆ చార రక్తం కాదని తెలియడానికి ఎస్తేర్ ప్రయోగశాల డిప్లొమాలో చేరవలసి వచ్చింది. అది చేప మూత్రపిండం. దాని ముందు భాగం పుర్రె వెనక దూరి ఉంటుంది. దాన్ని తలకిడ్నీ అంటారు. చేప ఎముకల్లో మూలుగ ఉండదు. కనుక రక్తకణాలను పుట్టించే పని, రోగంతో పోరాడే కణాలను తయారుచేసే పని ఆ తలకిడ్నీదే. పేగుల మధ్య ముదురు ఎరుపులో దాగి ఉండే ప్లీహం దానికి తోడు. మొప్పల గది పైమూలలో పల్చటి పొరలా ఉండే థైమస్ మూడోది. మనిషికి మెడలోనూ చంకలోనూ ఉబ్బే గ్రంథుల వంటివి చేపకు లేవు. దాని కోటకు ముఖ్యమైన బురుజులు ఈ మూడే. పాఠం చెబుతున్న మేడం ఆ స్లైడు చూపిస్తుండగా వెనక బెంచీలో ఎస్తేర్ పైకే నవ్వేసింది. ఎందుకని అడిగితే లేచి నిలబడి, “ఇన్నేండ్లూ దాని సైన్యాన్ని గోటితో గీకి కాలవలో పారేసినాం మేడం,” అంది.

ఇప్పుడు ఆమె తిరువళ్ళూరు శివార్లలో చేపల రోగాలు పరీక్షించే ఒక ప్రయోగశాలలో కణజాల విభాగం చూస్తుంది. రైతులు పంపిన చేపల అవయవాలను ఫార్మలిన్‌లో నిలవబెట్టి, ఆల్కహాలుతో వాటిలోని నీరు తీసి, మైనంలో పోతపోసి, వెంట్రుక మందంలో పదోవంతు కూడా లేని పొరలుగా కోసి, గాజుపలక మీద పరిచి రంగు వేస్తుంది. మైనపు దిమ్మెను యంత్రపు కత్తి మీదికి తిప్పుతుంటే పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులా సాగి వస్తాయి. ఆ రిబ్బను చిరగకుండా గోరువెచ్చటి నీటి మీద తేలవేయడంలో అక్కడ ఆమెను మించినవాళ్ళు లేరు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలియనివాళ్ళకు తానే తెలియజేస్తుంది కూడా. అణకువ ఆమె చదివిన పాఠాల్లో లేదు.

ఆమె చేసిన స్లైడులు చదివి నివేదిక రాసేది డాక్టర్ మురళీధరన్.

“నేను కోస్తేనే గదా సార్ మీకు కనపడేది,” అంటుంది ఎస్తేర్.

“చూసేవాడు లేకపోతే నువ్వు కోసింది ఉత్త మైనమే గదమ్మా,” అంటాడాయన. ఈ వాదం ఇద్దరి మధ్యా టీ తాగినంత మామూలుగా సాగుతుంటుంది.

మునియమ్మ అంగడికి పోవడం తగ్గించి కొంతకాలమైంది. తిరువాలంగాడు స్టేషనుకు అవతల ఉన్న తమ పల్లెలో పదిమంది ఆడవాళ్ళను కూడగట్టి, ఎవరికీ పట్టని ఒక గుంటను కౌలుకు తీసుకుంది. అప్పటికి అందులో సీమతుమ్మలు తప్ప మరేమీ లేవు. ఆ తుమ్మలు కొట్టింది వాళ్ళే. తెగిన గట్టు కట్టింది వాళ్ళే. రోహు, కట్ల పిల్లలను తెచ్చి వదిలింది వాళ్ళే. మొన్నటిదాకా ఇతరుల చేపలు కోసిన చేతులు తమ చేపలను తామే పెంచి, తామే కోసి అమ్మడం మొదలుపెట్టాయి. ఆ గుంట వాళ్ళ చేతికి వచ్చాక మునియమ్మ నడకే మారిందని, ఆత్తిపట్టు కరెంటు ప్లాంటులో పనిచేస్తూ వారానికొకసారి ఇంటికి వచ్చే భర్త తంగరాజు వేళాకోళం చేసేవాడు.

ఐప్పసి నెల వానలు వెలిసిన ఒక ఉదయం గుంటలో చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి.

గుంటకు నీరు తెచ్చే కాలువ మీద, ఎగువన, ఇనుప సామానుకు పూత వేసే షెడ్డు ఒకటి ఉంది. వాన పడిన రాత్రుల్లో ఆ కాలువ రంగు మారుతుందని ఆడవాళ్ళు రెండేళ్ళుగా చెబుతూనే ఉన్నారు. విన్నవాళ్ళు లేరు. చేపలు చచ్చిన తర్వాత మాత్రం అందరికీ చెవులు వచ్చాయి. గుంటను కౌలుకిచ్చిన కార్యాలయం నుంచి మునియమ్మ పేర నోటీసు వచ్చింది. అందులోని ఆరోపణను ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి: కౌలుదారులు మితిమీరి మేత వేశారు, మిగిలిన మేత కుళ్ళి నీటిలో ప్రాణవాయువు తగ్గింది, చేపలు ఒక్క రాత్రిలో ఊపిరాడక చనిపోయాయి, ఇది కౌలుదారుల నిర్లక్ష్యం, కౌలు ఎందుకు రద్దు చేయరాదో తిరుత్తణిలో జరిగే విచారణలో చెప్పుకోవలెను. ఈలోగా రోగం వ్యాపించకుండా సోమవారం గుంటను ఎండగట్టి సున్నం చల్లుతారు.

ఈ నోటీసుకు మూలమైన ఫిర్యాదు ఇచ్చింది ఎవరు? ఆ షెడ్డే. మేత ఎక్కువేసి చంపిన చేపలు కుళ్ళి, ఆ వాసనకు తమ పనివాళ్ళు బాధపడుతున్నారట.

నీటిని పరీక్షించలేదా అంటే, పరీక్షించారు. వానలు ఆగి, కొత్తనీరు కాలువను కడిగేసిన తర్వాత తీరిగ్గా వచ్చి, సీసా ముంచి, నీరు బాగుందని రాసుకుపోయారు. కత్తి కడిగేదాకా ఆగి, కత్తికి రక్తం లేదని రాయడం ఎంత నిజమో ఇదీ అంత నిజం.

మునియమ్మ ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుని ఒక్క మాటే అంది: “గుంట పోతే మళ్ళీ ఒకరి చేప కోసేదానికి పోవాల్సిందేనా మే?”

గుంట ఈశాన్య మూలలో, తామరాకుల దగ్గర, బతికి మిగిలిన చేపలు కొన్ని మందంగా కదులుతున్నాయి. ఎస్తేర్ వాటినే చూస్తూ, “నీళ్ళు పారిపోయిన సాక్షి మా,” అంది. “చేప యాడికీ పోలేదు. రేపు ల్యాబుకు నాలుగు చేపలు పంపియ్యి. బతికుండేవి.”

మరుసటి ఉదయం తిరువాలంగాడు నుంచి వచ్చిన రైల్లో మునియమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు దిగి, పెండ్లికి సీరు, సారె మోసుకొచ్చినట్టు ఒక పెద్ద స్టీలు డబ్బాను ప్రయోగశాలలోకి తెచ్చి బల్ల మీద పెట్టారు. ఎస్తేర్ మూత తీసింది. గది నిండా పసుపు వాసన కమ్ముకుంది. అరిటాకు మీద, ఐసు నడుమ, నాలుగు రోహు చేపలు మెరిసిపోతున్నాయి. పొలుసు తీసి, పొట్ట చీల్చి, పేగులూ ప్లీహమూ పారేసి, వెన్నెముక కింది ఎర్రటి చారను గోటితో గీకి గీకి, ఉప్పూ పసుపూ పట్టించి, మూడు నీళ్ళు కడిగి తెచ్చారు. ఒక్క ఎర్రటి చుక్క కూడా లేదు. మునియమ్మ జీవితంలో అంత శుభ్రంగా చేపను ఎవరికీ కోసి ఇచ్చి ఉండదు.

ఎస్తేర్ డబ్బా అంచు పట్టుకుని నిలబడిపోయింది. “ఏం మా ఇది?”

“ఏముండాది? డాక్టరు చేతికి పేగులతో ఇచ్చేదా?” అంది మునియమ్మ. “మమ్మల్ని అనేదే గలీజు జనం అని. పరీక్షకు ఇచ్చేది కూడా గలీజుగా ఇస్తే ఇంకేం మర్యాద?”

తోడొచ్చిన ఆడవాళ్ళలో ఒకామె సంజాయిషీగా, “మసాలా పెట్టలేదు పాపా. పసుపే,” అంది.

మురళీధరన్ వచ్చి డబ్బాలోకి తొంగిచూశాడు. “ఎస్తేర్, ఇది స్లైడుకు పనికిరాదు. అన్నానికి పనికొస్తుంది.”

నవ్వు రావలసిన చోట ఎస్తేర్‌కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పారేసిన ఆ పేగుల మధ్యే ఉంది ఆమెకు కావలసింది. తలకిడ్నీలోనూ ప్లీహంలోనూ కొన్ని కణాల గుంపులు ఉంటాయి. చచ్చిన రక్తకణాల శిథిలాలనూ, లోపలికి చేరిన చెత్తనూ అవి మింగి, తమలోనే దాచుకుంటాయి. దాచుకున్నకొద్దీ అవి గోధుమరంగుకు తిరిగి, పెద్దవై, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఊపిరాడక ఒక్క రాత్రిలో చచ్చే చేపలో ఆ గుంపులు అప్పటికప్పుడు పెరగవు. అంత వ్యవధి వాటికి ఉండదు. నెలల తరబడి పాడునీటిలో బతికిన చేపలోనైతే పెరుగుతాయి. నోటీసు చెప్పినట్టు ఒక్క రాత్రి పాపమా, ఆడవాళ్ళు చెప్పినట్టు చాలాకాలంగా సాగిన విషమా అన్నదానికి జవాబు ఆ ఎర్రటి చారలోనే ఉంది. ఆ చారనే తల్లి గీకి పారేసింది. గీకడం తాను కూడా ఆ తల్లి దగ్గరే నేర్చుకుంది. ఇక ఎవరిని తిట్టాలి?

“తప్పు నాదే మా,” అంది చివరకు. “కడగొద్దని నేను చెప్పలేదు. మీరు కడగకుండా తెస్తారని ఎట్ల అనుకున్నానో.”

మునియమ్మకు విషయం అర్థమైంది. కొంగు బిగించి, “గుంటలో ఇంకా ఉండాయి గదా. సోమవారం దాకా ఉంటాయి గదా,” అంది.

అప్పుడు మురళీధరన్ తలుపు మూసి, ఒక మాట సూటిగా అడిగాడు. “ఈమె నీ తల్లి. ఆ గుంట ఈమెది. కోసేది నువ్వు. రేపు విచారణలో అవతలి వకీలు మొదట దేనిమీద పడతాడో చెప్పు.”

“నా మీదే సార్.”

“పడితే?”

ఎస్తేర్ గోడకు ఆనుకుని కొద్దిసేపు ఆలోచించింది. ఆమెకు చట్టం తెలియదు. అయితే చిరుగు ఎక్కడ పడుతుందో ముందే చూసుకోకుండా రిబ్బను కోయరాదని తెలుసు. “అట్లయితే ఏ చేప కోయాలో నేను ఏరను. షెడ్డోళ్ళనే రమ్మంటాను, వలలోంచి వాళ్ళే ఏరుకోనీ. కోసేది వాళ్ళ కండ్ల ముందరే. ముక్కలకు గుర్తులు మీరు వేయండి. ఏ గుర్తు ఏ గుంటదో కవరులో పెట్టి అంటించి విచారణ ఆఫీసులో ఇచ్చేద్దాం. తర్వాత ల్యాబులో మైనం కోసేటప్పుడు నాకు తెలియకూడదు. స్లైడు చదివేది మీరు గాదు, చెన్నైలో మీ సీనియరు మేడం చదవనీ. ఆమెకు కూడా తెలియకూడదు.”

“ఏ గుంటదో అంటున్నావు. ఇంకో గుంట ఏది?”

“అదే గదా సార్ అసలు పని,” అంది ఎస్తేర్. చేప ముసలిదైనా ఆ గోధుమ గుంపులు పెరుగుతాయి. అదే ఈడు చేప, అదే విత్తనం, మంచినీటిలో పెరిగినది పక్కన పెట్టి చూపకపోతే ఈ చేపలోని గుంపులకు అర్థం లేదు.

అటువంటి చేపలు ఒక్కచోటే ఉన్నాయి. తిరుత్తణి దాటాక, ఆంధ్ర సరిహద్దుకు ఆనుకున్న ఊళ్ళో ద్వారకనాథ్ అనే భూస్వామి తన బోరునీటి గుంటలో పెంచుతున్నవి. చేపపిల్లల విత్తనం వ్యాను దూరం నుంచి వస్తుంది గనుక ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే వ్యాను తెప్పించుకోవడం ఇక్కడి అలవాటు. ఆ యేడు మునియమ్మ వాళ్ళూ ద్వారకనాథూ ఒకే వ్యానును పంచుకున్నారు.

ఎస్తేర్ తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళింది. ద్వారకనాథ్ వాకిట్లోనే కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, మర్యాదగానే కాదన్నాడు.

“తప్పుగా అనుకోవద్దమ్మా. నా చేప పేరు విచారణలో వినబడిందంటే కొనేవాడు వస్తాడా? మంచి చేప అని ఎవరూ గుర్తుపెట్టుకోరు. కేసు చేప అంటారు.”

“మీ పేరు రాయం అన్నా. రెండో గుంట అని మాత్రమే ఉంటాది.”

“వూర్లో నోళ్ళు లేవా పాపా?”

లోపల తమలపాకులు తుడుస్తున్న ఆయన తల్లి తులసమ్మ పని ఆపి గడప దగ్గరికి వచ్చింది. “ఒరే, ఆ వ్యాను ఎలవూరు చెక్‌పోస్టులో పొద్దు పొద్దంతా నిలబడిపోయిన దినం గురుతుండాదా నీకు?”

“ఉంది మా. అదెందుకు ఇప్పుడు?”

“ఎందుకా? సంచుల్లో గాలి అయిపోవస్తా ఉండాది. ఎవురైనా సంచి విప్పి, గిన్నెతో లెక్కబెట్టి, చచ్చినవి పక్కన బెట్టి, మంచివి ఏరుకున్నాకే గదా వ్యాను వదిలేది. ఈ మునియమ్మ ఏం చేసినాది? వ్యాను వాకిలి దగ్గర చేతికందిన సంచులు కిందికి లాగేసి, లెక్క వద్దు ఏం వద్దు, పో, ఆ యమ్మ చేపపిల్లలు చచ్చిపోతాయి అని వ్యానును తరిమినాది. ఆ డ్రైవరు వచ్చి చెప్పినాడు నాకు. నీ గుంటలో చేప ఉండాదంటే ఈమె లెక్క చూడకపోబట్టి. ఇప్పుడు నువ్వు లెక్క చూస్తావా?”

ద్వారకనాథ్ చాలాసేపు ఖాళీ కాఫీ గ్లాసును చేతిలో తిప్పాడు. “రెండో గుంట అని గాదు,” అన్నాడు చివరకు. “నా పేరే రాయండి. దొంగతనంగా ఇచ్చినట్టు నాకెందుకు?”

శనివారం ఉదయం గట్టు మీద ఒక బల్ల వేశారు. షెడ్డు తరఫున మేనేజరు దేవేంద్రన్ తెల్లచొక్కాలో, నల్ల గొడుగుతో వచ్చాడు. ఇదంతా ఆడవాళ్ళ తంటా అని, వచ్చి చూసిపోతే తమకు పోయేదేమీ లేదని అనుకునే వచ్చాడు. ఆ ధీమా ఎస్తేర్‌కు ఎంత మేలు చేసిందో ఆయనకు అప్పటికి తెలియదు.

ఆడవాళ్ళు నడుము లోతు దిగి వల లాగారు. ఎస్తేర్ వల దగ్గరికి కూడా పోలేదు. “మీరే ఏరండి సార్. మీకు నచ్చింది.”

దేవేంద్రన్ వలలోకి వంగి, అన్నిటికంటే చురుగ్గా ఎగురుతున్న చేపలను చూపించాడు. జబ్బు చేపను ఎన్నుకునేంత తెలివితక్కువవాడు కాదు. ఎస్తేర్‌కు కావలసిందీ అదే. నిలబడి పోరాడే చేపలోనే సైన్యం జాడ కనబడుతుంది.

ఒక బకెట్టు నీటిలో ఆమె చిన్న సీసాలోంచి నూనె చుక్కలు వేసి కలిపింది. చేపను అందులో వదలగానే కాసేపటికి అది మత్తుగా పక్కకు ఒరిగింది.

“ఏం మే అది, బిరియానీ వాసన వస్తా ఉండాది?” అంది ఒకామె.

“లవంగ నూనె అక్కా. నొప్పి తెలియకుండా పోతుంది దానికి.”

“మాకు కాన్పులప్పుడు ఇది ఎవురూ ఇయ్యలేదే,” అంది మునియమ్మ. గట్టంతా నవ్వింది. దేవేంద్రన్ కూడా నవ్వబోయి ఆపుకున్నాడు.

ఎస్తేర్ కత్తెర పొట్ట కింద దూర్చి పక్కనుంచి పైకి కోసింది. అంగట్లో తల్లి కోసే దారి అది కాదు. పేగుల చుట్టూ తెల్లగా పేరుకున్న కొవ్వును చూసి ఒక్క క్షణం ఆగి, దాన్ని ఫొటో తీయమని మురళీధరన్‌కు చెప్పింది. పేగులను మెల్లగా పక్కకు తప్పించి ప్లీహాన్ని తీసింది. గాలితిత్తిని ఒత్తిగించి, పుర్రె వెనకకు చిమటా పోనిచ్చి, తలకిడ్నీని చెదరకుండా లేవనెత్తింది. బొటనవేలు మాత్రం అలవాటుగా ముందుకు వంగింది. దాన్ని ఆమె పట్టుకుని ఆపవలసి వచ్చింది. ముక్కలు నిమిషాల్లో ఫార్మలిన్‌లో మునిగాయి. మూతల మీద గుర్తులు మురళీధరన్ రాశాడు. వాటి పక్కన దేవేంద్రన్ సంతకం పెట్టాడు. ఆ మధ్యాహ్నమే ద్వారకనాథ్ గుంట దగ్గర ఇదంతా మళ్ళీ జరిగింది. అక్కడ కూడా దేవేంద్రనే చేపలు ఏరాడు, దేవేంద్రనే సంతకం పెట్టాడు.

సోమవారం గుంట ఎండింది. సున్నం పడింది. మునియమ్మ గట్టు మీద నిలబడి చూసింది, కన్నీళ్ళు పెట్టుకోలేదు. చెప్పవలసింది సీసాల్లో ఉంది.

గుర్తులు తెలియకుండానే ఎస్తేర్ మైనపు దిమ్మెలు చేసింది, రిబ్బనులు కోసింది, రంగులు వేసింది. గుర్తులు తెలియకపోయినా కళ్ళు మూసుకోలేదు గదా. ఒక పలకను మైక్రోస్కోపు కింద పెట్టగానే ఊదారంగు గింజలు చల్లినట్టు కణాలు, వాటి మధ్య గులాబీరంగు దారులు, అక్కడక్కడా ఒంటరిగా ఒక చిన్న గోధుమ మచ్చ కనిపించాయి. ప్లీహం అలాగే ఉండాలి. మరో పలకను పెట్టింది. ఊదా మైదానమంతా గోధుమ దీవులు. దీవులు ఒకదానిలోకి ఒకటి ఒరిగి, అంచులు కలిసిపోయి, మంచి కణాలకు చోటే మిగలకుండా పరుచుకున్నాయి. తలకిడ్నీలోనూ అంతే. ఇనుమును పట్టి చూపే నీలిరంగు వేస్తే ఆ దీవులు నీలంగా వెలిగాయి: అకాలంగా పగిలిన రక్తకణాల ఇనుమంతా అక్కడ పోగుపడి ఉంది. కంటిని కటకం మీంచి ఎత్తి, ఎస్తేర్ కిటికీ బయటికి చూసింది. ఏ పలక ఏ గుంటదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు. అయినా ఆ మాట ఆమె ఎవరితోనూ, కన్నతల్లితో కూడా, అనలేదు.

తిరుత్తణిలో విచారణ నాడు గది ఇరుకుగా ఉంది. విచారణాధికారి ఒక మహిళ. ఎవరు మాట్లాడినా చివరిదాకా వినే అలవాటున్న మనిషి. షెడ్డు తరఫు వకీలు రాజమాణిక్యం ఊహించినట్టే మొదటి దెబ్బ ఎస్తేర్ మీద వేశాడు.

“మేడం, ఈ స్లైడులు చేసింది ప్రతివాది కన్నకూతురు. ఇంతకంటే చెప్పాలా?”

“చెప్పాల్సింది నేను ముందే రాసి ఇచ్చినాను మేడం,” అంది ఎస్తేర్. “చేపలు ఏరింది వాళ్ళ మేనేజరు. గుర్తులు వేసింది డాక్టరు. అంటించిన కవరు మీ ఆఫీసులోనే ఉంది. చదివిన మేడం నన్ను ఎప్పుడూ చూడలేదు. కూతురు చేయాల్సిన మోసం ఎక్కడ చేసిందో వకీలు సారు చెప్పితే వింటాను.”

అధికారి దేవేంద్రన్ వైపు చూసింది. “సంతకాలు మీవేనా?”

దేవేంద్రన్ అవునన్నాడు.

కవరు అక్కడే చించారు. గోధుమ దీవులు నిండిన పలకలన్నీ మునియమ్మ గుంటవి. దాదాపు శుభ్రంగా ఉన్నవన్నీ ద్వారకనాథ్ గుంటవి. ఒక్కటి కూడా తారుమారు కాలేదు. మురళీధరన్ లేచి, ఇది ఏ రసాయనమో స్లైడు చెప్పదని, అది కాలువ అడుగు బురద చెప్పాలని ముందుగా ఒప్పుకున్నాడు. ఆపైన, ఇది ఒక్క రాత్రి జరిగినది కాదని, నెలల తరబడి జరిగినదని స్లైడు చెబుతుందని, దానికి ఎదురు లేదని అన్నాడు.

రాజమాణిక్యం తడబడలేదు. “చేప ముసలిదైనా ఈ మచ్చలు వస్తాయి గదా డాక్టర్?”

“వస్తాయి. కానీ రెండు గుంటల చేపలదీ ఒకే వ్యాను, ఒకే ఈడు.”

వెనక వరసలోంచి ద్వారకనాథ్ లేచి నిలబడ్డాడు. “ఆ వ్యాను నేనే తెప్పించినాను మేడం. నా పేరు రాసుకోండి,” అన్నాడు.

వకీలు ఇంకో కాగితం తిప్పాడు. “పస్తు పడిన చేపలో కూడా ఇవి పెరుగుతాయని శాస్త్రం చెబుతోంది. ఈ ఆడవాళ్ళు చేపలకు సరిగ్గా మేతే వేయలేదు మేడం. అందుకే...”

ఆయన వాక్యం పూర్తికాలేదు. మునియమ్మ లేచింది. గొంతు పెంచలేదు, అంగట్లో బేరమాడే గొంతుతోనే అడిగింది.

“అయ్యా, నోటీసులో ఎక్కువ మేపినామంటిరి. ఇప్పుడు పస్తు పెట్టినామంటిరి. ఏదో ఒకటి ఏరుకోండి. రెండూ మీకే ఇచ్చేదానికి ఇదేమన్నా కొసరా?”

గదిలో ఎవరో దగ్గు మిషతో నవ్వు దాచుకున్నారు. ఎస్తేర్ పేగుల చుట్టూ తెల్లగా పేరుకున్న కొవ్వు ఫొటోను బల్ల మీద పెట్టింది. ఆ ఫొటోలో ఒక మూల దేవేంద్రన్ గొడుగు కూడా కనబడుతోంది. అధికారి ఫొటోను, వకీలును మార్చిమార్చి చూసి, “రెండింటిలో మీ వాదం ఏదండీ?” అని అడిగింది. రాజమాణిక్యం కాగితాలు సర్దుకున్నాడు. ఆరోపణ ఆ క్షణంలోనే చచ్చిపోయింది. మితిమీరిన మేత అంటే కొవ్వు పట్టిన చేప ఎదుట నిలిచి, ఒక్క రాత్రి చావు కాదని మచ్చలతో చెబుతుంది. పస్తు అంటే షెడ్డు తన ఫిర్యాదును తానే కొట్టేసుకోవాలి.

ఉత్తర్వు మరీ పొడవు కాదు. కౌలుదారుల నిర్లక్ష్యం రుజువు కాలేదు, కౌలు యథాతథం. షెడ్డునుంచి కాలువలోకి వచ్చే ప్రతి మార్గమూ తక్షణం మూయాలి. కాలువ అడుగు బురదను కౌలుదారుల ఎదుటే తవ్వి పరీక్షకు పంపాలి. తవ్వేది ఎక్కడ అని అధికారి అడిగితే పదిమంది ఆడవాళ్ళూ ఒకేసారి చెప్పారు: గడ్డి మొలవని చోట. ఆ వారమే అక్కడ పార దిగింది. మట్టి కింద, ఏ పటంలోనూ చూపని ఒక సిమెంటు గొట్టం బయటపడింది. దాని నోరు మూసేటప్పుడు మేస్త్రీకి సిమెంటు తట్ట అందించింది మునియమ్మే. కూలి ఇస్తామంటే, “ఇది నా సొంత పని,” అంది.

గుంట మళ్ళీ నిండింది. విత్తనం వ్యాను మళ్ళీ వచ్చింది. ఈసారి ద్వారకనాథ్ తానే వెంట వచ్చి, మంచి సంచులు మీరే మొదట ఏరుకోండని పట్టుబట్టాడు. గట్టు మీది పాకలో ఇప్పుడు ఉప్పు డబ్బా, పసుపు డబ్బా పక్కన ఫార్మలిన్ సీసా, లవంగ నూనె సీసా ఉంటాయి. ఏ చేప మందంగా తిరిగినా ఏం చేయాలో పదిమందికీ ఎస్తేర్ నేర్పింది. అందులో మొదటి నియమాన్ని మునియమ్మే గోడ మీద బొగ్గుతో రాయించింది: కడగొద్దు.

ఆదివారం అంగట్లో మునియమ్మ తమ గుంట చేపను తానే కోస్తుంది. చర్చి నుంచి నేరుగా వచ్చిన ఎస్తేర్ పక్కన కూర్చుని సంచులు అందిస్తుంది. ఒకనాడు కొనవచ్చిన ఆమె తొందరపెట్టింది. “ఆ ఎర్రటిది గీకి తొందరగా ఇయ్యక్కా, పొద్దెక్కుతాంది.”

మునియమ్మ చేపను వెల్లకిలా పట్టి ఎండకు ఎత్తింది. వెన్నెముక కింది చార పొడవునా ఒకే ముదురు ఎరుపులో, మచ్చ లేకుండా నిగనిగలాడుతోంది. మునియమ్మ దాన్ని తలనుంచి తోకదాకా చూసింది.

“ఉండు మే,” అంది. “మా సైన్యం ఎట్లుండాదో చూడనీ.”